పెద్దమ్మ కొలువులో పింగాణీ బొమ్మల వయసు

మహాలయ అమావాస్యకు ముందు రోజు మద్రాసు మైలాపూర్‌లోని మా పెద్దమ్మ ఇంట్లో దసరా బొమ్మల కొలువు కోసం అటక మీది ట్రంకుపెట్టెలు కిందికి దిగుతాయి. ఎర్రచందనం చెక్కతో చేసిన మరపాచి బొమ్మల జంట, దశావతారాలు, చెట్టియారు దంపతులు అన్నీ బయటికొచ్చాక చిట్టచివర పాత పంచె ముక్కల్లో చుట్టిన పింగాణీ బొమ్మలు వస్తాయి. అవి ఐదు. ఏటా వాదన అక్కడే మొదలవుతుంది. యశోద ఒళ్లో కృష్ణుడున్న బొమ్మను తిరగేసి చూపిస్తూ పెదనాన్న, "ఇదిగో, 1862 అని చెక్కి ఉంది. నూట అరవై ఏళ్ల బొమ్మ" అంటారు. పెద్దమ్మ ఒప్పుకోదు. "కాదండీ, అది మా నాయనమ్మ పెళ్లికి వచ్చింది. ఆవిడ పెళ్లి 1911లో" అంటుంది. ఈ ఇద్దరిలో ఎవరి మాట నిలుస్తుందో తేల్చాలని భూతద్దం పట్టుకుని కూర్చున్న నాడే నాకు ఈ పని మీద మనసు పడింది.

ముందు ఆ 1862 సంగతి. అది సంవత్సరం కాదు. బొమ్మల కర్మాగారంలో వేల అచ్చులుంటాయి. ఏ అచ్చు ఏ బొమ్మదో తెలియడానికి మట్టి పచ్చిగా ఉండగానే నంబరు గుచ్చుతారు. జర్మనీ బొమ్మల అడుగున ఇలాంటి మూడంకెల, నాలుగంకెల నంబర్లు మామూలే. పక్కన రంగుతో రాసిన చిన్న అంకె ఉంటే అది చాలావరకు రంగులు వేసిన మనిషి గుర్తు. నిజంగానే సంవత్సరం అచ్చయి ఉన్నా తొందరపడకూడదు. కంపెనీ పేరుతో కలిసి ఉంటే ఆ కంపెనీ మొదలైన ఏడాది కావచ్చు. కాపీరైటు గుర్తు పక్కన ఉంటే ఆ నమూనాను నమోదు చేసిన ఏడాది కావచ్చు. నమూనా పుట్టిన ఏడాది వేరు, మన చేతిలో ఉన్న బొమ్మ బట్టీలోంచి బయటికొచ్చిన ఏడాది వేరు. కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఈ రెంటి మధ్యనే.

ఒక బొమ్మకు కచ్చితమైన సంవత్సరం దొరకడం చాలా అరుదు. దొరికేది రెండు హద్దులు: ఇంతకు ముందు అయి ఉండదు, ఇంత తర్వాత అయి ఉండదు. మట్టి, అచ్చు, రంగు, అడుగున ముద్ర, ఇంట్లో చెప్పుకునే కథ, ఇవన్నీ ఆ హద్దులను ఒకదానికొకటి దగ్గరికి జరుపుతాయి. ఒక్క ముద్రను చూసి వయసు చెప్పేవాళ్ల మాట నేను నమ్మను.

యశోద బొమ్మనే తీసుకోండి. ఆమె చీరకట్టు, నగలు, తల వంచిన తీరు అచ్చం రవివర్మ పటాల్లోవి. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టాకే ఆ రూపాలు రంగుల పటాలుగా ఇంటింటి గోడలకూ ఎక్కాయి. మన దేవుళ్లను ఎన్నడూ చూడని జర్మనీ పనివాళ్లు ఆ పటాలను ముందు పెట్టుకుని భారతదేశపు బజారు కోసం పింగాణీ యశోదలను, లక్ష్ములను, సరస్వతులను పోశారు. కాబట్టి ఈ బొమ్మ 1894కు ముందుది కావడం దాదాపు అసాధ్యం.

అడుగున ఇంగ్లీషులో ‘జర్మనీ’ అని కూడా ఉంది. జర్మనీ వాళ్లు తమ దేశం పేరును ఇంగ్లీషులో ఎందుకు రాసుకున్నారు? ఎందుకంటే 1887లో బ్రిటన్, 1889లో బ్రిటిష్ ఇండియా సరుకుల గుర్తుల మీద చట్టాలు తెచ్చాయి. 1890లో అమెరికా చేసిన మెకిన్లీ చట్టం ప్రకారం 1891 మార్చి నుంచి ఆ దేశంలోకి వచ్చే సరుకు మీద పుట్టిన దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలి. అందుకే అడుగున దేశం పేరుంటే 1890ల తర్వాతి బొమ్మ అని సాధారణంగా అనుకోవచ్చు. దీన్ని తిరగేసి, పేరు లేకపోతే అంతకు ముందుదే అనుకోవడం మాత్రం తప్పు. చాలా బొమ్మలకు కాగితం చీటీ మాత్రమే అంటించేవారు. అది రెండు స్నానాలకే ఊడిపోయేది. కొన్నిసార్లు పెట్టె మీద వేసి వదిలేసేవారు, కొన్నిసార్లు జంటలో ఒకదానికే వేసేవారు.

ఇక రెండో హద్దు. 1914లో యుద్ధం మొదలవగానే శత్రుదేశమైన జర్మనీ సరుకు ఇక్కడికి రావడం ఆగిపోయింది. మళ్లీ యుద్ధమయ్యాకే వచ్చింది, 1939లో మరోసారి ఆగింది. అంటే మా యశోద 1894కూ 1914కూ మధ్యదైనా కావాలి, రెండు యుద్ధాల నడుమదైనా కావాలి. పెద్దమ్మ చెప్పిన 1911 ఇందులో చక్కగా ఇముడుతుంది. పెదనాన్న చెప్పిన 1862 ఇమడదు.

అడుగు కన్నా ముందు ఒళ్లు

బొమ్మ చేతికి రాగానే అందరూ తిరగేస్తారు. నేను మొదట బరువు చూస్తాను, తర్వాత చల్లదనం. పింగాణీ చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతుంది. ఇప్పుడు దుకాణాల్లో పింగాణీ అని అమ్ముతున్న వాటిలో చాలా భాగం రెజిన్. అది గోరువెచ్చగా, కొంచెం ప్లాస్టిక్‌లా తోస్తుంది, గోటితో కొడితే మోగదు.

తర్వాత గాజుపూత లేని చోటు, అంటే అడుగు అంచు చూడాలి. అక్కడ ఒక్క నీటి చుక్క పెడితే పింగాణీ మీద అది అలాగే నిలుస్తుంది. తక్కువ వేడిలో కాల్చిన మట్టి అయితే పీల్చేసుకుంటుంది. అసలైన గట్టి పింగాణీని సుమారు 1400 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. ఆ వేడికి లోపలి మట్టే గాజులా కరిగి కలిసిపోతుంది. అందుకే సన్నని వేళ్ల వెనక టార్చి పెడితే వెలుతురు ఇవతలికి తెలుస్తుంది. ఈ రహస్యం ఐరోపాకు చాలా కాలం చిక్కలేదు. 1710లో జర్మనీలోని మైసెన్‌లో కర్మాగారం మొదలయ్యాకే అక్కడ పింగాణీ తయారీ నిలదొక్కుకుంది. ఇంగ్లండు వాళ్లు పద్దెనిమిదో శతాబ్దం చివర ఎముకల బూడిదను సగం దాకా కలిపి బోన్ చైనా చేసుకున్నారు. దాని తెలుపులో కొంచెం మీగడ ఛాయ ఉంటుంది, జర్మనీ పింగాణీలో నీలి ఛాయ. పక్కపక్కన పెట్టి నాలుగైదు చూస్తే కంటికి అలవాటవుతుంది.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. కొలువులో మిగతా బొమ్మలకు ఈ నీటి పరీక్ష పనికిరాదు. మద్రాసు కోసపేట మట్టి బొమ్మలు, కాగితపు గుజ్జు బొమ్మలు, ప్లాస్టర్ బొమ్మలు కాల్చిన రంగులతో చేసినవి కావు. తడి తగిలితే ముఖమే చెరిగిపోతుంది. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

బొమ్మ ఎలా పోశారో తెలిస్తే దాని మీది గుర్తులు మాట్లాడతాయి. మట్టిని గంజిలా పలచగా చేసి ప్లాస్టర్ అచ్చులో పోస్తారు. ప్లాస్టర్ నీటిని పీల్చుకుంటుంటే అచ్చు లోపలి గోడకు మట్టి పొరగా పేరుకుంటుంది. పొర తగినంత మందమయ్యాక మిగిలిన గంజిని వంపేస్తారు. అందుకే లోపల బోలుగా ఉంటుంది. కాల్చేటప్పుడు లోపలి గాలి వ్యాకోచించి బొమ్మ పగలకుండా అడుగునో వెనకనో చిన్న రంధ్రం వదులుతారు. ఇంకా పాత పద్ధతిలో మట్టిని చేత్తో అచ్చులోకి అదిమేవారు. అలాంటి బొమ్మ లోపల వేళ్ల గుంటలు తగులుతాయి, గోడ మందం ఒకచోట ఒకలా ఉంటుంది. ప్లాస్టర్ అచ్చు వాడేకొద్దీ అరిగిపోతుంది. మొదట్లో పోసిన బొమ్మల్లో వేళ్ల మధ్య సందులు, జుట్టు పాయలు పదునుగా ఉంటాయి. తర్వాత పోసినవి సబ్బులా మొండిబారతాయి.

ఆరేటప్పుడు, కాలేటప్పుడు మట్టి కుంచించుకుపోతుంది. పింగాణీ అయితే పదో వంతుకు పైగానే తగ్గుతుంది. నకలు చేసేవాళ్లను పట్టిచ్చేది ఇదే. అసలు బొమ్మ మీదనే అచ్చు తీసి మళ్లీ పోస్తే, వచ్చిన బొమ్మ అసలుదానికన్నా పొట్టిగా ఉంటుంది. ముద్రను ఎంత చక్కగా కాపీ కొట్టినా ఎత్తును కొట్టలేరు. పేరున్న కంపెనీల పాత కేటలాగుల్లో ప్రతి నమూనా ఎత్తూ రాసి ఉంటుంది. కొనబోయే బొమ్మ ఫోటో పంపమని అందరూ అడుగుతారు. నేనైతే ముందు స్కేలు పెట్టి కొలిచి ఎత్తు చెప్పమంటాను.

చేత్తో వేసిన రంగా కాదా తెలియాలంటే పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఉంటే చాలు. కుంచె పనిలో గీత మొదలైన చోట చిక్కగా, లేచిన చోట పలచగా ఉంటుంది. రెండు కళ్లూ ఎప్పుడూ ఒక్కలా ఉండవు. అచ్చు కాగితంతో అతికించిన బొమ్మయితే పత్రికలోని ఫోటోలా చుక్కల వరస కనిపిస్తుంది. గాజుపూత మీద వేసే రంగులను మళ్లీ 700 నుంచి 850 డిగ్రీల దాకా కాలుస్తారు. వెలుతురును ఏటవాలుగా పడనిస్తే ఆ రంగు పూత మీద సన్నగా లేచినట్టు తెలుస్తుంది, వేలికీ తగులుతుంది. పాత బొమ్మల పావడాలకున్న అల్లిక లేసు చూసి ఆశ్చర్యపోతుంటాం. అది నిజమైన లేసే. మట్టి గంజిలో ముంచి బొమ్మకు చుట్టి కాల్చారు. నూలు కాలిపోయింది, నూలు రూపం పింగాణీగా మిగిలింది.

రంగం (రంగూన్) నుంచి వచ్చిన జంట

మా ఐదింటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది నాట్యం చేస్తున్న దొర, దొరసాని జంట. జానెడు ఎత్తు కూడా లేదు. పెద్దమ్మ వాళ్ల చిన్నతాత రంగంలో పనిచేసి, జపాన్ బాంబులు పడ్డాక 1942లో వేలాది తెలుగువాళ్లతో కలిసి అడవుల గుండా నడిచి వచ్చాడు. ఆ నడకలో మూటలో కట్టుకుని తెచ్చిన బొమ్మ ఇదే అని ఇంట్లో అందరూ చిన్నప్పటి నుంచీ విన్నారు.

దొరసాని అడుగున ఎర్రటి చిన్న అక్షరాల్లో ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంది. బొమ్మల చరిత్రలో ఇంత ఇరుకైన కాలాన్ని చెప్పే ముద్ర ఇంకోటి దాదాపు లేదు. యుద్ధంలో ఓడిన జపాన్ 1945 నుంచి మిత్రదేశాల సైన్యం ఆధీనంలో ఉంది. 1947లో ఎగుమతులకు దారి తెరిచినప్పుడు ఈ మాట సరుకుల మీదికి వచ్చింది. 1952 ఏప్రిల్ 28న జపాన్‌కు స్వాతంత్ర్యం తిరిగి రావడంతో దాని అవసరం పోయింది. అంటే మొత్తం ఐదేళ్లు. ఆ ఐదేళ్లలోనూ ప్రతి సరుకు మీదా ఈ మాట వేయలేదు. ఉత్త ‘జపాన్’ అని వేసినవీ ఉన్నాయి.

ఈ మాటకు గిరాకీ ఉంది కాబట్టి నకిలీ ముద్రలూ ఉన్నాయి. దూది పుల్లకు గోళ్ల రంగు తీసే ద్రావణం అద్ది, ముద్ర అంచున మాత్రమే మెల్లగా రుద్దితే, కాల్చకుండా వేసిన సిరా దూదికి అంటుకుంటుంది. బట్టీలో కాలిన ముద్ర కదలదు. బొమ్మ ముఖం మీద, బంగారు గీతల మీద ఎవరూ దీన్ని ప్రయోగించవద్దు. మా దొరసాని ముద్ర కదలలేదు.

కాబట్టి ఆ జంట 1942 నడకలో రాలేదు. ఈ మాట పెద్దమ్మకు చెప్పడానికి నాకు రెండు దసరాలు పట్టింది. విని కాసేపు ఊరుకుంది. తర్వాత, "చిన్నతాత వచ్చాక మూర్ మార్కెట్‌కి ఆదివారాలు పోయేవాడు. అక్కడ కొన్నాడేమో" అంది. 1985 మేలో తగలబడిపోయే దాకా మద్రాసులో పాత పుస్తకమైనా, పాత గడియారమైనా, పింగాణీ అయినా దొరికే చోటు మూర్ మార్కెట్టే. కథలో మనిషి నిజం, నడక నిజం. బొమ్మ మాత్రం తర్వాత వచ్చి ఆ కథలో చేరింది. పాత వస్తువుల కథల్లో ఇలా రెండు జ్ఞాపకాలు ఒకదానికొకటి అతుక్కుపోవడం తరచూ జరుగుతుంది. అందుకే ఇంటి కథను తోసిపుచ్చకుండా రాసుకోవాలి. కథ బొమ్మ వయసును చెప్పకపోయినా, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెబుతుంది.

జపాన్ బొమ్మల్లో ఇంకో మాట కనిపిస్తుంది: ‘నిప్పాన్’. 1891 నుంచి 1921 దాకా అమెరికాకు పోయే సరుకు మీద జపాన్ వాళ్లు తమ దేశం పేరును అలా రాశారు. ఆ మాట చెల్లదు, ఇంగ్లీషులో ‘జపాన్’ అనే రాయాలని 1921లో అమెరికా పట్టుబట్టింది.

చెట్టియారు పక్కన బుడగలమ్మే ముసలమ్మ

మూడో బొమ్మ కొలువులో ప్రతిసారీ చెట్టియారు దంపతుల పక్కనే కూర్చుంటుంది, ఆమె కూడా వ్యాపారే కదా అని పెద్దమ్మ లెక్క. చేతిలో రంగురంగుల బుడగల గుత్తి ఉన్న ముసలమ్మ. అడుగున సింహం, కిరీటం, రాయల్ డౌల్టన్ అనే ఇంగ్లండు కంపెనీ పేరు, హెచ్ఎన్ 1315. హెచ్ఎన్ అనే అక్షరాలు అక్కడి రంగుల విభాగాన్ని నడిపిన హ్యారీ నిక్సన్ పేరులోవి. 1913లో హెచ్ఎన్ 1తో ఆ వరస మొదలైంది. నంబరు వెతికితే ఈ ముసలమ్మ నమూనా 1929లో వచ్చిందని తేలుతుంది. అక్కడితో ఆగిపోయి ‘1929 నాటి బొమ్మ’ అని అమ్మేవాళ్లున్నారు. కానీ ఆ ముసలమ్మను 1998 దాకా, దాదాపు డెబ్భై ఏళ్లు చేస్తూనే ఉన్నారు.

తేల్చేది ఇంకో చిన్న అంకె. 1928 నుంచి సుమారు పాతికేళ్ల పాటు డౌల్టన్ వాళ్లు ముద్రలోని కిరీటానికి కుడి పక్కన ఒక సంఖ్య వేశారు. దానికి 1927 కలిపితే బొమ్మ చేసిన ఏడాది వస్తుంది. మా ముసలమ్మ కిరీటం పక్కన 11 ఉంది, అంటే 1938. తాతయ్య దాన్ని 1947 చివర్లో, ఇంగ్లండుకు వెళ్లిపోతున్న ఒక కుటుంబం సామాన్లు వేలం వేస్తుంటే కొన్నారు. ముద్ర, కథ ఇంత చక్కగా ఒకదానికొకటి సాక్ష్యం చెప్పిన బొమ్మ మా కొలువులో ఇదొక్కటే.

నాలుగోది గొడుగు పట్టుకున్న పిల్లవాడు, జర్మనీలోని గోబెల్ కంపెనీ చేసిన హుమ్మెల్ బొమ్మ. మరియా ఇన్నొసెంషియా హుమ్మెల్ అనే సన్యాసిని గీసిన పిల్లల బొమ్మల ఆధారంగా 1935 నుంచి వీటిని పోశారు. దీని కింద ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంది. ఇక్కడ దేశ చరిత్రే కాలాన్ని చెబుతుంది. యుద్ధమయ్యాక 1949 దాకా ‘యూఎస్ జోన్’, 1949 నుంచి 1990 దాకా ‘వెస్ట్ జర్మనీ’, మళ్లీ కలిశాక ఉత్త ‘జర్మనీ’. ఉత్త జర్మనీ అంటే యుద్ధానికి ముందుదీ కావచ్చు, 1990 తర్వాతిదీ కావచ్చు. అప్పుడు ముద్రలోని తేనెటీగను చూడాలి. 1950లలో రెక్కలు చాచిన పెద్ద తేనెటీగ ఉండేది, తర్వాత అది చిక్కి గీతలుగా మారింది. ‘చెకోస్లోవాకియా’ అని ఉన్న బొమ్మలకూ ఇదే లెక్క. ఆ దేశం 1918కి ముందు లేదు, 1992 తర్వాత లేదు.

ఐదోది పూలమ్మే పిల్ల. అడుగున నీలిరంగులో కిరీటం, దాని కింద ఎన్ అక్షరం. ఈ ముద్ర చూడగానే ఇటలీ కపోడిమోంటే, పద్దెనిమిదో శతాబ్దం అని చెప్పేస్తారు. నేపుల్స్ రాజు 1743లో పెట్టిన అసలు కపోడిమోంటే గుర్తు లిల్లీ పువ్వు. కిరీటం, ఎన్ అక్షరం ఆ తర్వాత నేపుల్స్‌లో వచ్చిన రాజ కర్మాగారానివి. అది మూతపడ్డాక ఇటలీలో, జర్మనీలో, మరెన్నో చోట్ల ఎందరో ఆ గుర్తును వేసుకున్నారు. మైసెన్ వారి నీలి కత్తుల జంటకూ ఇదే గతి పట్టింది. ఎంత పేరున్న ముద్ర అయితే అంత తక్కువ నమ్మాలి. మా పూలపిల్ల వేళ్లు మొండిగా ఉన్నాయి, గులాబీ రేకులు మందంగా ఉన్నాయి, రంధ్రం అంచు నున్నగా, కొత్తగా ఉంది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగానిదని నా అంచనా.

అరుగుదల చూడటం కూడా ఒక విద్యే. నిజంగా పాతబడ్డ బొమ్మకు బంగారు గీత చేయి తగిలే చోటే అరుగుతుంది, అడుగు అంచు మీద గీరలు అన్ని దిక్కులకూ ఉంటాయి. పాతగా కనిపించాలని పూసిన మురికి మాత్రం మడతల్లోనూ మిట్టల మీదా ఒకేలా గోధుమరంగులో ఉంటుంది. పూతలో జుట్టులాంటి పగుళ్లుంటే పాతదని మన దగ్గర బలమైన నమ్మకం. పూత, మట్టి ఒకే తీరున కుంచించుకోకపోతే వచ్చే పగుళ్లవి. నిన్న చేసిన బొమ్మకూ రావచ్చు, కావాలని తెప్పించవచ్చు. అతికించిన చోట్లు పట్టడానికి నోట్లు చూసే నీలి టార్చి చాలు. చీకటి గదిలో దాని కింద జిగురు, కొత్త రంగు చుట్టుపక్కల పూతకన్నా వేరుగా మెరుస్తాయి. ముందు మెడ, మణికట్టు చూడండి, విరిగేవి అవే. మా యశోద ఎడమ చేయి అలా బయటపడింది. ఎవరు విరగ్గొట్టారో పెద్దమ్మకు తెలుసు గానీ చెప్పదు.

అమెరికాలో ఉన్న మా అక్క యశోదను తనతో తీసుకెళ్తానంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాఖండాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. 1911 నాటిదైతే ఆ హద్దు ఎప్పుడో దాటింది. అనుమానం ఉన్న బొమ్మను పురావస్తు శాఖ వారికి చూపించి, నూరేళ్లది కాదనే పత్రం తీసుకున్నాకే పెట్టెలో పెట్టాలి. యశోద మైలాపూర్‌లోనే ఉంటుంది.

ఈ ఏడు కొలువు తీసి సర్దేటప్పుడు ఒక్కో పంచె ముక్కలో ఒక్కో చీటీ పెట్టాను. బొమ్మకు ఏదీ అంటించలేదు, జిగురు పూతను పాడుచేస్తుంది. ఎత్తు ఎన్ని సెంటీమీటర్లు, అడుగున ఏమేం ఉన్నాయి, ఎక్కడ అతుకు ఉంది, ఏ ఏడాదికీ ఏ ఏడాదికీ మధ్యది, ఎవరు తెచ్చారు, ఇంతే రాశాను. దొర, దొరసాని చీటీ మీద రెండు వరుసలున్నాయి. ‘ముద్ర ప్రకారం 1947కూ 1952కూ మధ్య’ అని నేను రాశాను. దాని కింద పెద్దమ్మ తన చేత్తో, ‘రంగం నుంచి నడిచి వచ్చిన చిన్నతాత తెచ్చినది’ అని రాసింది.